మా మగ్గం ముందు లెక్కల టీచర్

మా లెక్కల టీచర్ పోయారు. కాజీపేట స్టేషన్‌లో బండి దిగుతూ కనిపించిన చిన్నప్పటి స్నేహితురాలు చెప్పింది. "నీకు తెల్వదా? మొన్ననే దవాఖానల పోయిందట. అన్నీ అయిపోయినయి" అంది. నా ఉద్యోగం ఇక్కడ కాజీపేటలోనే. ఆమె ఉండే హన్మకొండ ఎంత దూరమని? అయినా కడచూపు దక్కలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ప్లాట్‌ఫారం మీద ఎవరు చూస్తే నాకేం.

ఏడో తరగతిలో ఆమె మాకు భిన్నాలు చెప్పేవారు. ఏ లెక్క ఇచ్చినా మొదటి మాట ఒకటే: "ముందు ఒక్కదానికెంతో చెప్పు. తర్వాత లోకం సంగతి చూద్దాం." కిలోకెంత, గంటకెంత, మూరకెంత. సుద్దముక్క గోరంత అయ్యేదాకా పారేసేవారు కాదు. ఎవరినీ కొట్టగా చూడలేదు గాని, కళ్లద్దాల పైనుంచి ఆమె చూస్తే చాలు, మాకు చెమటలు పట్టేవి.

మాది నేతగాళ్లుండే కొత్తవాడ. ఇంట్లో జంపఖానాల మగ్గం. వెడల్పు జంపఖానా ఒక్కరితో కాదు, ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేయాలి. బాపు పక్కన కూర్చునే అమ్మకు నడుము పడిపోయింది. ఏడో తరగతి కాగానే నన్ను బడి మాన్పించి అక్కడ కూర్చోబెడతానన్నాడు బాపు. ఆయనది దుర్మార్గమేం కాదు, ఇల్లు గడవాలి. నాకు మాత్రం అన్నం సయించలేదు.

సంగతి తెలిసి ఓ ఆదివారం టీచర్ మా ఇంటికొచ్చారు. బాపుతో వాదించలేదు. "అన్నా, ఈ పిల్ల కూసునే కాడ జర నేను కూసుంట. ఆమె గడపకాడ లెక్కలు చేసుకుంటది" అని కొంగు దోపుకున్నారు. బాపు పక్కకు జరిగి చోటిచ్చాడు.

అట్లా కొన్ని ఆదివారాలు గడిచాయి. దారం ఆమె మాట వినేది కాదు, ఆమె నేసిన వైపు వంకర పోయేది. "మంచిగనే వస్తాంది టీచరమ్మా" అనేవాడు బాపు. ఆమె అటు వెళ్లగానే ఇటు అంతా విప్పేసి మళ్లీ నేసేవాడు.

ఒక సోమవారం ఆమె క్లాసులో లెక్క ఇచ్చారు: ఒక టీచరమ్మ ముప్పావు గంటలో అర జానెడు నేసింది, గంటకెంత నేస్తుంది? నేను భాగించాల్సిన చోట గుణించి, మూడు బై ఎనిమిది అన్నాను.

"ముప్పావు గంటల అర జానెడు నేసినామె, గంటంత కూసుంటే అంతకన్న తక్కువ నేస్తదా బిడ్డా? మీ బాపు ఇప్పేసింది గూడ తీసేసినవా?"

అంటే ఆమెకు అంతా తెలుసన్నమాట. క్లాసంతా నవ్వింది, అందరికన్నా ఆమే ఎక్కువ నవ్వారు. తర్వాత మెల్లగా చెప్పారు: "ముప్పావంటే మూడు పావులు. మూడు పావుగంటలల్ల అర జానెడైతే, ఒక్క పావుగంటకు జానెడుల ఆరో వంతు. గంటకు నాలుగు పావులు. అంటే మూడింట రెండు వంతులు." భిన్నంతో భాగించడమంటే ఆ రోజుతో నాకు భయం పోయింది.

చివరికి బాపే లొంగాడు. "మీరు లేవుండ్రమ్మా. మీ కాళ్లు తిమ్మిరెక్కుతానయి, నాకు పానం ఒప్పుతలేదు. పిల్ల బడికి పోతది" అన్నాడు. ఒక్కడే నేసుకోగలిగే చిన్న జంపఖానాలకు మారాడు. కూలి తగ్గింది. ఆ తగ్గిన కూలి మీదే నేను చదువుకున్నాను.

స్టేషన్ నుంచి నేరుగా ఇంటికెళ్లి బాపుకు చెప్పాను. ఆయన చేతిలోని దారం కింద పెట్టాడు. మా వాడలో అయినవాళ్లు పోతేనే మగ్గం ఆపుతారు. చప్పుడు ఆగిందని పక్కింటాయన వచ్చి, "ఎవలు పోయిన్రే?" అని అడిగాడు.

"మా చెల్లె" అన్నాడు బాపు.

బాపుకు చెల్లెళ్లు లేరని వాడంతటికీ తెలుసు. పక్కింటాయన ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయాడు. కాసేపటికి గోడ అవతల ఆయన మగ్గం చప్పుడు కూడా ఆగిపోయింది.