రెండు రెగ్యులేటర్ల సిలిండర్

నీళ్లు నిండిన ఆ పాత రాళ్ల క్వారీలో డైవింగ్ చేసేవాళ్లందరూ మేస్త్రీ నింపిన గాలే పీలుస్తారు. మేస్త్రీ మాత్రం ఆ నీళ్లలో ఏనాడూ తల ముంచలేదు. చిన్నప్పుడు చీము పట్టి ఒక చెవిలో కర్ణభేరికి చిల్లు పడింది. ఆ చెవితో లోతుకు దిగకూడదన్నారు డాక్టర్లు. ఒడ్డునే కంప్రెసర్ షెడ్డులో కుదురుకున్నాడు. పాడైన మిషన్ని విప్పి, బిగించి, మళ్లీ విప్పి పని నేర్చుకున్నాడు. మీటరు పెట్టి చూడకుండా ఒక్క సిలిండరునూ గడప దాటనివ్వడు.

ఆయన భార్య మొదట ఆ షెడ్డుకు వచ్చింది చిరిగిన రబ్బరు సూట్లు అతికించడానికి. పెళ్లయ్యాక, "వీటిని తొడుక్కుని వీళ్లేం చూసొస్తున్నారో నేనూ చూస్తానండీ" అని నీళ్లలో దిగింది. మేస్త్రీయే సిలిండరు కట్టి పంపాడు. ఇప్పుడామె లోతు డైవర్లకు ప్రమాదాల్లో మనిషిని ఎలా కాపాడాలో నేర్పే టీచరమ్మ.

లోతుకు వెళ్లినవాళ్లు తిన్నగా పైకి వచ్చెయ్యకూడదు. ఒంట్లో ఇంకిన గాలి, సోడా మూత తీసినట్టు బుడగలై పొంగుతుంది. నిలువు తాడు పట్టుకుని, మెట్టుమెట్టుకూ ఆగి, ఆ గాలిని మెల్లగా బయటికి పోనిచ్చి రావాలి. భయపడి ఆగకుండా వచ్చేసిన డైవరొకడు ఇప్పటికీ క్వారీ గేటు దగ్గర చక్రాల కుర్చీలో కూర్చుని టికెట్లు ఇస్తుంటాడు.

మేస్త్రీ బాధంతా ఆ ఆగడంతోనే. పైనున్న చివరి మెట్టు దగ్గర అన్నిటికంటే ఎక్కువసేపు ఆగాలి. అక్కడ పీల్చడానికని వీపు సిలిండర్లు కాక, ఎవరి పక్కకు వాళ్లు ఇంకో సిలిండరు కట్టుకుంటారు. ఆయన భార్యకు నీళ్లలో జోడీ పొడుగాయన. ఇద్దరూ ఒకే తాడు పట్టుకుని, ఎదురెదురుగా, కళ్లలో కళ్లు పెట్టుకుని వేలాడతారు. పైన తెప్ప మీద ఆ తాడు కొస పట్టుకుని కూర్చునేది మేస్త్రీ.

పొడుగాయన ఆయన్ని "అన్నా" అంటాడు, ఆమెను "వదినా" అంటాడు. నీళ్ల పైన సరే. నీళ్ల కింద ఏమని పిలుస్తాడో ఎవరికి తెలుసు? సిలిండరు గాలిని అందించే రెగ్యులేటరు ముక్క నోట్లో పెట్టుకున్నవాడు ఏమనీ పిలవలేడని మేస్త్రీకి తెలుసు. తెలిసినా మంట తగ్గలేదు.

ఒకరోజు పొడుగాయన భోజనానికి వచ్చాడు. తింటూ తింటూ గడ్డం కింద రెండు వేళ్లు ఆడించాడు. ఆమె పగలబడి నవ్వింది.

"ఏంటది?" అన్నాడు మేస్త్రీ.

"అదా? నీళ్లలో మాటండీ. పైకి తెచ్చి చెప్తే పేలదు."

అత్తగారు ఊరుకుంటుందా! "మా అల్లుడు గాలి నింపుతాడు, మా అమ్మాయి ఆ గాలితో ఊరేగుతుంది. బాగుంది సంసారం" అంది మజ్జిగ పోస్తూ. పుండు మీద కారం అంటే అదే.

పొడుగాయన వెళ్లాక మేస్త్రీ అడిగేశాడు. "ఆ జోడీని మార్చుకో."

"ఎందుకు?"

"మాటలెక్కువ, పనితనం తక్కువ. వాడి పక్క సిలిండరు గొట్టం ముడతలు పడింది, మార్చుకోమంటే నవ్వుతాడు."

"గొట్టం మార్పిస్తా. మనిషిని మార్చను. అక్కడ నాకు కళ్లు తిరిగితే ముందు కనిపెట్టేది ఆయనేనండీ. అందుకే మొహంలోకి చూస్తూ ఉంటాం. మీరనుకునేదానికి కాదు."

"నేనేమనుకున్నాను?"

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది మీ వరస."

గొట్టం మార్పించేలోపే ప్రదర్శన రోజు వచ్చింది. స్పృహ తప్పినవాణ్ని లోతులోంచి మెట్లు తప్పకుండా ఎలా తేవాలో కొత్తవాళ్లకు చూపించాలి. స్పృహ తప్పిన వేషం ఆమెది. వెనకనుంచి చంకల కింద చేతులు వేసి పట్టుకొచ్చే వేషం పొడుగాయనది. కొత్తవాళ్లు పై మెట్టు దాకా దిగి చూసి, తెప్ప ఎక్కేశారు. కింద ఇద్దరే మిగిలారు. మేస్త్రీ ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

ఉన్నట్టుండి తాడు పక్కన నీళ్లు కుతకుతా ఉడికినట్టు బుడగలు లేచాయి. కాసేపటికి ఆగిపోయాయి. తర్వాత పసుపుపచ్చ బెలూను పైకి తేలింది. దానికి కట్టిన పలక మీద భార్య చేతిరాత:

"ఆయన పక్క సిలిండరు గొట్టం చిట్లింది. ఇద్దరి వీపు సిలిండర్లూ అడుగంటాయి. నా పక్కది ఒక్కటే మార్చి మార్చి పీలుస్తున్నాం. ఇంకోటి పంపండి."

మేస్త్రీకి గేటు దగ్గరి కుర్చీ కళ్లముందు కదిలింది. ఒకరికి కట్టిన గాలిని ఇద్దరు పీలిస్తే అది సగంలోనే అయిపోతుంది. అప్పుడు పైకి రాక తప్పదు, వస్తే రెండు కుర్చీలు కావాలి. దాని వెనకే ఇంకో బొమ్మ కదిలింది. రెగ్యులేటరు ఒక్కటే. ఆమె నోట్లోంచి అతని నోట్లోకి. అతని నోట్లోంచి ఆమె నోట్లోకి.

"మార్చి మార్చి!" అని పళ్లు నూరాడు.

తెప్ప మీద ఒకడు, "ఇది కూడా పాఠమేనా సార్?" అన్నాడు.

"జరగరా!"

అదనపు సిలిండరు అప్పటిదాకా మూత బిగించి తెప్ప మీదే ఉంచడం అక్కడి అలవాటు. మేస్త్రీ మూత తీశాడు, రెగ్యులేటరు బిగించాడు, తిప్పాడు, తానే ఒక గుక్క పీల్చి చూశాడు. కొక్కెం తాడుకు తగిలించి వదిలాడు. భయం తోసిందో మంట తోసిందో గానీ, అంత వేగం ఆ చేతుల్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. తాడు మూడుసార్లు గుంజాడు. కిందనుంచి మూడు గుంజుళ్లు తిరిగి వచ్చాయి. అందింది.

ఆగాల్సినంతా ఆగి ఇద్దరూ పైకి వచ్చారు. పొడుగాయన తడిసిన ఒంటితోనే మేస్త్రీని వాటేసుకున్నాడు. "అన్నా, ఇవాళ నువ్వు లేకపోతే గేటు దగ్గర నాకూ ఓ కుర్చీ వేసేవాళ్లు."

"ఎన్నిసార్లు?" అన్నాడు మేస్త్రీ.

"ఏది అన్నా?"

"ఆ ముక్క. ఎన్నిసార్లు చేతులు మారింది?"

గాలి ఖర్చు లెక్క అడుగుతున్నాడనుకుని పొడుగాయన వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. "విడతకి నాలుగు గుక్కలు అన్నా, అలా..."

"మీరు ముందు ఒళ్లు తుడుచుకోండి" అని టీచరమ్మ అతన్ని పంపేసింది. మేస్త్రీ వైపు తిరిగి గొంతు తగ్గించింది. "నిజం చెప్పండి. అంత తొందర నా మీద బెంగా, ఆయన మీద కుళ్లా?"

"సిలిండరు అందిందా లేదా?"

"అందింది."

"మరింకేం."

ఆమె నవ్వలేదు. చల్లబడిన చేతిని ఆయన మెడ మీద ఆనించి, "రేపు కూడా ఆయనతోనే దిగుతాను" అంది.

మేస్త్రీ షెడ్డుకు వెళ్లి, ముందు పొడుగాయన గొట్టాన్ని విప్పి చెత్తలో పారేసి కొత్తది బిగించాడు. తర్వాత అదనపు సిలిండరు ముందు కూర్చున్నాడు.

ఇప్పుడు అక్కడ ఎవరు దిగినా, అదనపు సిలిండరు ముందే తాడుకు వేలాడుతూ ఉంటుంది. దానికి రెండు రెగ్యులేటర్లు. "ఆపదలో ఇద్దరూ ఒకేసారి పీల్చొచ్చు, మార్చుకోవడంలో ఊపిరి వృథా కాదు" అని టీచరమ్మ పాఠంలో చెబుతుంది, షెడ్డు వైపు చూడకుండా. పక్క క్వారీవాళ్లు కూడా వచ్చి చూసి వెళ్లి అలాగే కట్టుకున్నారు. పొడుగాయన అయితే కనబడ్డ ప్రతివాడికీ మేస్త్రీ బుర్ర గురించి చెబుతాడు.

రెండు గొట్టాలూ మామూలు కంటే బాగా పొడుగు. ఒకటి తాడుకు ఈ పక్కకు, ఒకటి ఆ పక్కకు వచ్చేలా బిగించాడు మేస్త్రీ. అంత పొడుగెందుకని ఎవరైనా అడిగితే, "ఉండనీ, పనికొస్తుంది" అంటాడు.