వెనక సీటు నుంచి మొదలు

మూడు వారాలుగా మా ఇంట్లో ఎవరికీ మంచినీళ్లు నేరుగా చేతికి రావడం లేదు. పళ్లెంలోనే వస్తున్నాయి. పెద్ద స్టీలు పళ్లెం, అందులో మందు సీసాల మూతలు నలభై, ప్రతి మూతలోనూ అంచుదాకా నీళ్లు. దాన్ని రెండు చేతులా పట్టుకుని మా అత్తయ్య వంటింట్లోంచి హాల్లోకి నడిచి వస్తారు. దాహం వేసినవాళ్లు పది మూతలు తాగి సరిపెట్టుకోవాలి. గ్లాసుడు నీళ్లివ్వమని ఒకరోజు నేను విసుక్కుంటే, గ్లాసు మొయ్యడం ఎవరికైనా వచ్చు అన్నారు.

ఇంత హడావిడికీ కారణం, మా చర్చిలో అత్తయ్యను సంఘ పెద్దగా ఎన్నుకోవడం. మాది ప్రెస్బిటేరియన్ సంఘం. ఇక్కడ పాస్టరు గారు ఒక్కరే అన్నీ చేయరు, జనం ఓటేసి ఎన్నుకున్న పెద్దలు ఆయనతో కలిసి సంఘాన్ని నడుపుతారు. ఏం చేసినా క్రమం తప్పకూడదు. గోడకు మేకు కొట్టాలన్నా ఒక కమిటీ వేస్తారు, ఆ మేకు వంకరగా దిగితే ఇంకో కమిటీ. ప్రభువు బల్ల, అంటే యేసును తలుచుకుంటూ అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం, మూడు నెలలకొక ఆదివారం ఉంటుంది. ఆ రోజు జనం లేచి ముందుకు వెళ్లరు, పెద్దలే పళ్లేలు పట్టుకుని బెంచీల దగ్గరికి వస్తారు. పళ్లెం నడుమ గిన్నెలో రొట్టె ముక్కలు, చుట్టూ బొటనవేలంత గాజు గ్లాసుల్లో ద్రాక్షరసం. ఒక్కొక్కరూ తమది తీసుకుని, పక్కవాళ్లకు పళ్లెం అందిస్తూ "ఇది నీ కోసం" అనాలి. తీసుకున్నది వెంటనే నోట్లో వేసుకోకూడదు. అందరికీ అందేదాకా పట్టుకుని కూర్చుని, పాస్టరు గారు చెప్పాక అందరూ ఒక్కసారే తీసుకోవాలి. ఎడమవైపు పది బెంచీలు, బెంచీకి నలుగురు. ఈసారి ఎడమవైపు పళ్లెం అత్తయ్యది.

అత్తయ్య ముప్పై మూడేళ్లు బస్సు కండక్టరుగా చేశారు. రిటైరై మూడేళ్లవుతున్నా వీధిలో అందరికీ ఇంకా కండక్టరమ్మే. ఆవిడ ఉద్యోగంలో చేరిన రోజుల్లో డిపోలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి కూడా లేదట. రోజూ పొద్దున మేనేజరు గది ముందు నిలబడి అడిగిన మాటే మళ్లీ అడిగి, ఏడాది తిరిగేలోగా కట్టించుకున్నారు. దాని ప్రారంభానికి రిబ్బను కట్టి, టికెట్లకు చిల్లు వేసే కత్తెరతోనే దాన్ని కొరికించి కొరికించి తెంపారట. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. టికెట్ లేనివాణ్ణి మెడ వెనక నుంచి చూసి పట్టేసేవారు. పెళ్లయిన వారానికే నేను పుట్టింటికి ఫోన్ చేసి, ఈ ఇంట్లో అబద్ధం ఆడటం నా వల్ల కాదని చెప్పుకున్నాను.

మామయ్య అదే బస్సుకు డ్రైవరు. ఆ బస్సులోనే పరిచయం, ఆ బస్సులోనే ప్రేమ, పెళ్లయ్యాక కూడా అదే బస్సు. ఒక బెల్లు కొడితే ఆగాలి, రెండు కొడితే కదలాలి. ఇంట్లో కూడా అత్తయ్య గిన్నె మీద గరిటతో రెండు కొడితేనే మామయ్య భోజనానికి లేచేవారని మా ఆయన చెబుతుంటారు. ఆ శబ్దం వింటూ పెరిగారట ఆయన.

పదిహేడేళ్ల కిందట ఒక వాన ఉదయం, స్టాపులో జనమంతా ఎక్కాక అత్తయ్య రెండు బెల్లులు కొట్టారు. మామయ్య బండి కదిలించారు. పక్కనుంచి వస్తున్న సైకిలు జారి, దాని మీది మనిషి వెనక చక్రం కిందకు వెళ్లిపోయాడు. బతకలేదు. ఇద్దరి తప్పూ లేదని విచారణలో తేల్చారు. మామయ్య మనసు మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు. మళ్లీ బస్సు స్టీరింగు ముట్టలేదు. టైర్ల సెక్షన్‌లో పని అడిగి తీసుకుని రిటైరయ్యేదాకా అక్కడే ఉండిపోయారు. అత్తయ్య వేరే డ్రైవర్లతో ఉద్యోగం చేశారు. ఇంట్లో గిన్నె మీద గరిట మళ్లీ మోగలేదు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం ఇద్దరూ తడిసి ముద్దయి, డిపో వెనకున్న ఈ చర్చి గుమ్మంలో తల దాచుకున్నారట. అక్కడున్న ఒక పెద్దావిడ మీరెవరు, ఎక్కడివాళ్లు అని ఒక్క మాటైనా అడగకుండా చెరొక తువ్వాలు చేతిలో పెట్టి లోపల కూర్చోబెట్టింది. అప్పటి నుంచి ఆదివారం తప్పలేదు. కానీ మామయ్య కూర్చునేది ఎడమవైపు చివరి బెంచీలో, దారి పక్కన, తలుపుకు చేయి అందేంత దగ్గరలో. బల్ల ఉన్న ఆదివారం పళ్లెం ముందు నుంచి ఒక్కో బెంచీ దాటుకుంటూ ఏడోదానికి వచ్చేసరికి లేచి, స్కూటరు చూసొస్తానంటూ బయటకు వెళ్లిపోతారు. ఆ సైకిలు మనిషి పోయాక ఆ రొట్టె తీసుకునే అర్హత తనకు లేదని ఆయన లెక్క. ఆ స్కూటరును ఎవరూ ఎత్తుకుపోరు, ఎత్తుకుపోయినా నెట్టలేక తెచ్చి ఇచ్చేస్తారు. నేను కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాను. మనుషులు దేన్ని చూడకుండా తప్పుకుంటున్నారో నాకు త్వరగానే తెలుస్తుంది.

అత్తయ్య పెద్దరికానికి ఒప్పుకున్నదే అందుకు. నా చేత్తో పళ్లెం పట్టుకెళితే ఆయన లేచిపోరేమో అని ఒక్కసారి నాతో అన్నారు. ఆ మాట అన్నాక రెండు రోజులు నా ముఖం చూడలేదు. అడగాలని ఉన్నా అడగలేని మనిషిని చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. వెళ్లి మామయ్యనే నిలదీశాను, ఈసారి తీసుకుంటారా లేదా అని. ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టారు.

"మీ అత్తయ్య మోసుకొస్తుంటే కళ్లారా చూస్తానమ్మా. అంతవరకే," అన్నారు.

తీసుకోనన్న మనిషే తాలీముకు మాత్రం మాస్టరు. అత్తయ్యకు ఓ విచిత్రమైన చిక్కు వచ్చిపడింది. ముప్పై మూడేళ్లు ఊగే బస్సులో నిలబడ్డ కాళ్లు కదా, కదలని నేల మీద కూడా రాని కుదుపుకు ముందే సర్దుకునేవి. మూతల్లో నీళ్లు ఒలికిపోయేవి. హాల్లో కుర్చీలన్నీ వీధి తలుపు వైపు తిప్పి, బెంచీల్లా వరసగా వేసుకున్నాం. నేను, మా ఆయన కూర్చునేవాళ్లం. మామయ్య పక్కన నిలబడి చూసేవారు. "గ్లాసులు చూడకు. రోడ్డు చూడు," అన్నారు ఒక సాయంత్రం. అంతే, ఆ రోజు నుంచి చుక్క ఒలకలేదు. అత్తయ్య సంబరం చూడాలి, పళ్లెం పట్టుకుని మేడ మెట్లు కూడా ఎక్కి దిగారు. పక్కింటివాళ్లు తలుపులు తీసి చూశారు.

ఈ తాలీములో మేమెవరం గమనించని సంగతి ఒకటుంది. మా వంటిల్లు హాలు వెనక ఉంది. అత్తయ్య రోజూ పళ్లెం తీసుకొచ్చింది మా వీపుల వెనక నుంచి.

ఆదివారం పొద్దున ఇల్లు పీకి పందిరి వేశాం. అత్తయ్య మూడు చీరలు మార్చి, చివరికి మొదటిదే కట్టుకున్నారు. మామయ్య బూట్లు రెండుసార్లు తుడుచుకున్నారు. ఆరాధన పదింటికైతే మేం ఎనిమిదిన్నరకే అక్కడున్నాం, తలుపులు తీసేవాడు కూడా రాలేదు.  పళ్లెం మోసేది నేనేమోనన్నట్టు గుమ్మం ముందు అటూ ఇటూ తిరిగాను.

చివరి బెంచీలో మామయ్య, ఆయన పక్కన నేను, తరవాత మా ఆయన, గోడవైపు పెట్రోలు బంకు యూనిఫాం వేసుకున్న ఒక అమ్మాయి. డ్యూటీ నుంచి నేరుగా వచ్చిందట, ఈ చర్చికి రావడం అదే మొదలు. పాస్టరు గారు, ఈ బల్ల ప్రభువుది, మాది కాదు, మేమూ ఆయన పిలిస్తే వచ్చినవాళ్లమే, ఎవరైనా తీసుకోవచ్చు అని చెబుతుంటే, ఆ అమ్మాయి మా ఆయన మీదుగా వంగి, నేను కూడానా అని అడిగింది. ఎవరైనా అంటే ఎవరైనానే, లెక్కలు చూసి ఇచ్చే చోటు కాదిది అన్నాను. మామయ్య చెవిన పడాలని కాస్త గట్టిగానే అన్నాను. మామయ్య తలుపు వైపు చూశారు.

పియానో మొదలైంది. ముందు బల్ల దగ్గర పాస్టరు గారు రెండు పళ్లేలు ఎత్తి ఇద్దరి చేతుల్లో పెట్టారు. కుడివైపు ఇంకో సంఘ పెద్ద, రిటైరైన లెక్కల మాస్టారు, ఎడమవైపు మా అత్తయ్య. మాస్టారు కుడివైపు మొదటి బెంచీ దగ్గర ఆగి పళ్లెం అందించారు. అత్తయ్య ఆగలేదు. మొదటి బెంచీ దాటారు. రెండోదీ దాటారు. చేయి చాపినావిడ చేయి అలాగే ఉండిపోయింది. అత్తయ్య చూపు గ్లాసుల మీద లేదు, రోడ్డు మీదే ఉంది. గ్లాసు కదలకుండా, తల తిప్పకుండా, నడుమ దారిలో సాఫీగా నడిచి వచ్చి, చివరి బెంచీ దగ్గర, మామయ్య ఎదురుగా ఆగారు.

ముప్పై మూడేళ్లు టికెట్లు కొట్టింది వెనక సీటు నుంచి ముందుకు. కాళ్లు ఆ అలవాటునే పట్టుకుని వచ్చేశాయి.

లెక్కల మాస్టారు అక్కడి నుంచే కళ్లు పెద్దవి చేసి చూస్తున్నారు. తలలన్నీ వెనక్కి తిరిగాయి. అత్తయ్య ఒకసారి ముందుకు చూశారు, తొమ్మిది ఖాళీ చేతుల బెంచీలు చూశారు. పొరపాటు తెలిసిపోయింది. ఆవిడ మెడ ఎర్రబడటం నాకు కనిపించింది. మామయ్య లేవాల్సిన ఏడో బెంచీ ఇంకా రానేలేదు, స్కూటరు తాళం జేబులోనే ఉంది. వెనక్కి తిరిగి ముందు నుంచి మొదలుపెడితే క్రమం దక్కుతుంది, ఈయన వెళ్లిపోతారు. 

"ముందు నుంచి కదా మొదలుపెట్టాలి," అన్నారు మామయ్య మెల్లగా.

అత్తయ్య కదల్లేదు. "ఆ రోజు బెల్లు కొట్టింది నేను. నేను ఇన్నేళ్లుగా తీసుకుంటూనే ఉన్నానుగా. మీరొక్కరే ఎందుకండీ దిగిపోతారు?" అన్నారు.

అంతవరకు చుక్క ఒలకని పళ్లెంలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి.  మామయ్య గబుక్కున చేయి చాపి పళ్లెం అడుగున పట్టారు. గలగల ఆగింది. ఎడం చేయి అలాగే ఉంచి, కుడిచేత్తో ఒక రొట్టె ముక్క తీసుకున్నారు. తరవాత ఒక గ్లాసు. నాకు అరవాలనిపించి పెదవి కొరుక్కున్నాను.

పళ్లెం నా వైపు తిప్పారు. ఆయన ఎన్నడూ అనని మాట అనాలి. గొంతు సవరించుకుని, "ఇది నీ కోసం అమ్మా," అన్నారు. నేను తీసుకుని మా ఆయనకు అందించాను. ఆయన కళ్లు తుడుచుకుని బంకు అమ్మాయికి అందించారు.

గండం గడిచిందనుకుంటే నాది తెలివితక్కువతనం. మొదట తీసుకున్నవాళ్లే అందరికంటే ఎక్కువసేపు పట్టుకుని కూర్చోవాలి. ముందు ఇంకా తొమ్మిది బెంచీలున్నాయి. ఎన్నేళ్లుగానో ఈ కాసేపటి నుంచే ఆయన తప్పించుకుంటున్నారు. టైర్లు విప్పి బిగించి మొద్దుబారిన వేళ్ల మధ్య ఆ గ్లాసు మునిగిపోయింది. నేను బెంచీలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఎనిమిది. ఏడు. మామయ్య తలుపు వైపు చూశారు. ఆరు. గ్లాసు బెంచీ మీద పెట్టేస్తారేమోనని నా మోకాలు ఆయన మోకాలికి ఆనించాను, కోడలినన్న మర్యాద కూడా మరిచిపోయాను. నాలుగు. మూడు. అటు మాస్టారు కుడివైపు ముందు నుంచి వెనక్కి, ఇటు అత్తయ్య వెనక నుంచి ముందుకు. నడుమ దారిలో ఒకరికొకరు ఎదురై, ఆయన కోపంగా తలాడిస్తే ఆవిడ మర్యాదగా తలాడించారు. దీని మీద తప్పకుండా ఒక కమిటీ పడుతుంది, పడనీ అనుకున్నాను.

మొదటి బెంచీ అయింది. పెద్దలకు చివర్లో పాస్టరు గారే ఇస్తారు. అత్తయ్య తన రొట్టె, గ్లాసు తీసుకుని, ఖాళీ పళ్లెం పొట్టకు ఆనించుకుని, ముందు నిలబడి మా వైపు తిరిగారు. ఎక్కాల్సినవాళ్లంతా ఎక్కారా అని బస్సంతా ఒకసారి చూసినట్టు, ముందు వరస నుంచి వెనకదాకా చూసుకుంటూ వచ్చారు. చివరి బెంచీలో మామయ్య ఉన్నారు. ఉన్నానన్నట్టు గ్లాసు కొంచెం పైకెత్తారు.

పియానో ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో అత్తయ్య వేలి ఉంగరం పళ్లెం అంచు మీద రెండుసార్లు తగిలింది. టంగు, టంగు. ఆ శబ్దం ఇంతకుముందు విన్నవాళ్లు ఆ చర్చిలో ముగ్గురే. మా ఆయన ఉలిక్కిపడి నా చేయి పట్టుకున్నారు.

పాస్టరు గారు చెప్పాల్సిన మాట చెప్పారు. అందరూ రొట్టె తిన్నారు, గ్లాసులు ఎత్తారు. మామయ్య కూడా తిని, తాగి, ఖాళీ గ్లాసును రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చున్నారు.