సున్నం పూసిన లొట్లు

కల్లుకు ప్రాణం ఉంటుందని చెబితే హైదరాబాద్‌లోని నా తోటి చిత్రకారులు చాలా బాగుందని తలలూపారు. కల్లుకు వాసన కూడా ఉంటుందని చెప్పేసరికి ముఖాలు అదోలా పెట్టారు. ప్రాణం కావాలట గానీ వాసన వద్దట. నాకు తిక్క రేగింది అక్కడే.

నేను జగిత్యాలలో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచర్ని. మా ఊరు కోరుట్ల పక్కనే. మా బాపు ఇప్పటికీ తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు. చిన్నప్పుడు బడిలో నా పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. ఇంటికొచ్చి సబ్బుతో చేతులు రుద్దుకుంటూ ఏడ్చేదాన్ని. పెద్దయ్యాక ఏడుపు పోయి కోపం మిగిలింది. తాటిచెట్లు, కల్లు పట్టే లొట్లు బొమ్మలుగా వేస్తే మాత్రం అందరూ మెచ్చుకునేవాళ్లు. బొమ్మకు వాసన రాదు కదా, ఎవరికీ ఇబ్బంది లేదు.

అందుకే బొమ్మలు పక్కన పడేసి కల్లునే పెట్టాలనుకున్నాను. కల్లు పులుస్తున్నప్పుడు లొట్టిలోంచి సన్నటి చప్పుడు వస్తుంది. అందులో కంటికి కనపడని జీవాలు తీపిని తింటూ బుడగలు వదులుతుంటాయి, ఆ చప్పుడది. లొట్టి మూతిలోకి చిన్న మైకు వేలాడదీసి, ఆ చప్పుడును స్పీకర్లకు ఇచ్చి, వాటి మీద బట్టను బిగించి కడితే బట్ట వణుకుతుంది. చూడవచ్చినవాళ్లు ఆ బట్ట మీద అరచేతులు ఆనించి, కళ్లు మూసుకుని నిలబడాలి. పులుపు వాసన ఎలాగూ దానంతట అదే వచ్చి పలకరిస్తుంది.

సిరిసిల్లలో మూతబడ్డ కార్ఖానా ఒకటి దొరికింది. అక్కడివాళ్లు మరమగ్గాన్ని సాంచ అంటారు. ఆగిపోయిన సాంచాల మీదే బట్ట బిగించాను. కోరుట్లలో పెళ్లి బరాత్‌ల సౌండ్ సెట్లు బాగుచేసే భాయ్ ఒకాయన మైకులు, బట్ట కింద స్పీకర్లు అమర్చాడు. ఆయన కల్లు ముట్టడు. అయినా మా ఇంటి వాకిట్లో మొదటిసారి చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని, లొట్టిలో ఇంత లొల్లి ఉంటదని తెలియదంటూ చాలాసేపు నవ్వాడు. ఆ చప్పుడు కొంత తన ఫోన్లో దాచుకున్నాడు కూడా.

హైదరాబాద్ నుంచి ఒక గ్యాలరీ నడిపే ఆయన చూడ్డానికి వస్తానన్నాడు. నచ్చితే తన గ్యాలరీలో పెట్టిస్తాడు. నాలాంటిదానికి అలాంటి పిలుపు మళ్లీ మళ్లీ రాదు. అయితే ఫోన్లోనే ఒక షరతు పెట్టాడు. లొట్లను అద్దాల పెట్టెల్లో మూసేయాలి, వచ్చేవాళ్లకు వాసన తగలకూడదు. ముందు మీరొచ్చి పీల్చి చూడండి, తర్వాత అద్దాల సంగతి మాట్లాడదాం అన్నాను. పీల్చాక కూడా అడుగుతాడేమో చూద్దామని నా పంతం.

ఆయన వస్తానన్న రోజు పొద్దున బాపు కల్లు దింపి, లొట్లను గడ్డిలో సర్దుకుని, ట్రాలీ ఆటోలో తనే వెంట వచ్చాడు. సిరిసిల్ల చేరేసరికి ఎండెక్కింది. ఆపాటికి నురుగు పొంగాలి. మైకులు వేశాం. స్పీకర్లలో చప్పుడు లేదు. భాయ్ వైర్లన్నీ విప్పి మళ్లీ బిగించాడు. మైకును వేలితో తడితే కార్ఖానా అంతా దద్దరిల్లింది. మైకుల తప్పు కాదు. లొట్టిలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. కల్లు తియ్యగా ఉంది. లొట్టి లోపలంతా తెల్లగా సున్నం.

లొట్టికి లోపల సున్నం పూసి చెట్టుకు కడితే కల్లు పులవదు. పిల్లల కోసం, పులిసింది ముట్టని మర్యాదస్తుల కోసం మావాళ్లు చేసే పని అది. బాపు గడప దగ్గరే నిలబడి ఉన్నాడు. ఎందుకు పూశావని అడిగాను.

"పట్నం సార్లు వస్తుండ్రంటివి గద. పులిసిన కల్లు వాసనకు నిన్ను సిన్నసూపు సూస్తరని పూసిన బిడ్డా. నీ బడికి గూడ నేను తానం జెయ్యకుంట ఎన్నడన్న అచ్చిన్నా?"

నేను సబ్బుతో రుద్దుకున్న రోజుల్లో ఆయనా రుద్దుకున్నాడని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. గుండె మండింది. బాపు మీద కాదు.

అంతలో గ్యాలరీ ఆయన కారు దిగాడు. వణకని బట్ట మీద చేతులు పెట్టి చూశాడు. ఏం జరిగిందో చెప్పాను. ఆయన నొచ్చుకోకపోగా, గ్లాసెడు తీపి కల్లు తాగి సంతోషపడ్డాడు. భాయ్ ఫోన్లో చప్పుడు ఉందని తెలిసి ఇంకా సంతోషపడ్డాడు. దాన్నే వేయండి, ఎవరికి తెలుస్తుంది, హైదరాబాద్‌లో కూడా ఖాళీ లొట్లు, రికార్డింగ్ పెట్టేద్దాం, వాసన గొడవే ఉండదు అన్నాడు. భాయ్ ఫోన్ చేతిలో పట్టుకుని నా వంక చూశాడు.

వద్దన్నాను. పాట ఆగిపోతే సీడీ వేసుకునే పెళ్లి కాదిది, ఇవాళ ఇందులో ప్రాణం లేదు, రేపు రండి అన్నాను. రేపు వీలు కాదని, ఆలోచించుకుని చెప్పమని ఆయన కారెక్కాడు.

మర్నాడు సున్నం లేని లొట్లు వచ్చాయి. వాసన వీధి మలుపు దాకా కొట్టింది. బీడీలు చుట్టే ఆడవాళ్లు, సాంచాలు నడిపే మగవాళ్లు ఏందో చూద్దామని లోపలికొచ్చారు. బట్ట వణికింది. ఒకామె కొంగుతో ముక్కు మూసుకుని, రెండో చెయ్యి మాత్రం బట్ట మీద నుంచి తీయలేదు. బాపు ఆమె వెళ్లేదాకా ఆమెనే చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం గ్యాలరీ ఆయన ఫోన్ చేశాడు. రికార్డింగ్‌కు ఒప్పుకుంటే వెంటనే పెట్టిద్దామన్నాడు. వాసన లేకుండా కల్లు రాదన్నాను. మీ భవిష్యత్తు అంటూ ఏదో మొదలుపెట్టాడు. ఫోన్ స్పీకర్‌లో అంతా విన్న బాపు లేచి వచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"సారూ, నేను పిల్ల బాపును. నిన్న సున్నం పూసింది నేనే. ఇగ పుయ్య. మేమస్తె వాసనస్తది. ఇష్టముంటెనే పిలువుండ్రి."