బాపు చిగుళ్లు చూసిన రోజు

మా చిన్నప్పుడు... అంటే మరీ పాతకాలమేమీ కాదు, తెలంగాణ వచ్చిన కొత్తలో... పొద్దున్నే బాపు, అంటే మా నాన్న, దొడ్డిలో గొర్రెల నోళ్లు తెరిచి చూసేవాడు. కొత్తకోట దగ్గర మా ఊరు. నేను నాలుగో తరగతి.

కింది పెదవి వంచి చిగుళ్లు చూసేవాడు. ఎర్రగా ఉంటే వదిలేసేవాడు. పాలిపోయి ఉంటే మందు పోసేవాడు. పళ్లు ఊగే ముసలి గొర్రెనైతే పక్కకు కట్టేసి, "ఇది ఇగ గడ్డి కొరకలేదు బిడ్డా... ఎండకాలం దాటది" అనేవాడు. ఆ వారమే దాన్ని అంగడికి తోలేవాడు.

అంతసేపూ ఆయన నోట్లో బీడీ ఉండేది. చెవి సందున ఇంకొకటి...

వేపపుల్లతో తోముకుంటే నా చిగుళ్లలోంచి రక్తం వచ్చేది. నేను ఏడుస్తుంటే బాపు నవ్వేవాడు. "నా చిగుళ్లు సూడు, ఎంత గట్టిగున్నయో! ఇన్నేండ్లల్ల సుక్క రక్తం రాలే." నేను నిజమే అనుకున్నాను.

ఒకనాడు మధ్యాహ్నం జొన్నరొట్టె తింటూ బాపు ఆగిపోయాడు. నోట్లోంచి ఒక పన్ను తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. నొప్పి లేదు, రక్తం లేదు... అందుకే ఇంకా భయం వేసింది.

"నోరు తెరువు బాపూ" అన్నాను. ఆయన గొర్రెకు చేసినట్టే కింది పెదవి వంచి చూశాను. చిగుళ్లు నల్లబడి, కిందికి జారిపోయి, పళ్ల మొదళ్లు బయటికి కనబడుతున్నాయి. పక్క పన్ను నా వేలు తగిలితేనే ఊగింది.

ఎండకాలం దాటది... అమ్మ దగ్గరికి ఉరికాను. "బాపు సచ్చిపోతడా అమ్మా?" అని అడిగితే అమ్మ కసిరింది. కసిరి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. మర్నాడే అందరం కొత్తకోటలో పండ్ల డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాం.

"పొగ తాగితే చిగుళ్లల్ల రక్తం పారుడు తగ్గుతది. అందుకే మీకు రక్తం రాలే. లోపల్లోపల ఎముక అరిగిపోయింది" అందామె. "బీడీ మానితే మిగిలిన పండ్లు నిలవొచ్చు. మానినంక కొన్నాళ్లు రక్తం రావచ్చు... భయపడి మళ్ల ముట్టియ్యకుండ్రి."

ఊళ్లో ఎవరి గొర్రె చిగుళ్లు పాలిపోయినా కనిపెట్టే మనిషి, ఇన్నేళ్లూ తన నోరు చూసుకోలేదు.

బాపు మానేశాడు. పది రోజులకు ఉమ్మితే ఎర్రగా పడింది. ఆయన ముఖం తెల్లబోయింది. "బీడీ తాగినన్నాళ్లు మంచిగుంటి, మానితేనే గిట్లయింది!" అంటూ అగ్గిపెట్టె వెతికి తీశాడు. నేను దాన్ని లాక్కుని గొర్రెలు తాగే కుడితి గోళెంలో పడేశాను. "డాక్టరమ్మ ముందే చెప్పింది గద బాపూ!" కొట్టడానికి చెయ్యెత్తాడు... నా ముఖం చూసి దించేశాడు. ఆ తర్వాత మళ్లీ బీడీ ముట్టలేదు.

ఇప్పుడు నేను షాద్‌నగర్‌లో కంపెనీ పనికి పోతున్నాను. మంద అమ్మేశాం. బాపుకు కొన్ని పళ్లే మిగిలాయి, రొట్టె పప్పులో నానబెట్టుకుని తింటాడు. ఆదివారం ఇంటికి పోతే నేను అడక్కుండానే నా ముందు కూర్చుని నోరు తెరుస్తాడు. పెదవి వంచి, ఒక్కో పన్నూ వేలితో తాకి చూస్తాను...

మీ ఇంట్లోనూ "నాకు సుక్క రక్తం రాదు" అని మురిసే బీడీ బాపు ఉన్నాడా? ఈ రోజే నోరు తెరిపించి చూడండి... ఏం కనబడిందో ఇక్కడ చెప్పండి. మా దొడ్డిలో ఇప్పుడు గొర్రెలు లేవు. కానీ ప్రతి ఎండాకాలం దాటగానే నేను బాపు ఒక్కణ్ణి లెక్క చూసుకుంటాను.