మైకు మావయ్య చెవులు

సభ ఏదైనా సరే, హాలు మూలన చిన్న బల్ల వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునే ఆ బక్కపలచని మనిషిని అందరూ మైకు మావయ్య అంటారు. ఎన్ని ఉపన్యాసాలు ఆయన చెవుల్లోంచి వెళ్లాయో లెక్కలేదు, ఒక్కదాంట్లోనూ ఎవరేం చెప్పారో ఆయనకు తెలియదు. ఆయన వినేది గొంతును, మాటల్ని కాదు. మైకును మింగేసేవాళ్లెవరు, ఊపిరి బిగబట్టినవాళ్లెవరు, అంతే. కళ్లు మాత్రం వక్త కాళ్ల మీద ఉంటాయి. విడిచిన చెప్పుల కోసం వేళ్లు తడుముకుంటే, ఉపన్యాసం ముగింపుకొచ్చినట్టు గుర్తు.

నర్సుగా పనిచేసిన భార్య పదవీ విరమణ సభకూ ఆయనదే మైకు. వారం నుంచీ వంటింట్లో ఆమెకు ఒకటే పాఠం. "మైకుకి బెత్తెడు దూరంలో నిలబడు. నేల చూపులు చూడకు. నోరు తెరిచే ముందు ఓసారి ఊపిరి తీసుకో." ఆమె అన్నీ పాటించింది. ఎప్పటిలాగే ఆయన ఆ గొంతును ముందు తన హెడ్‌ఫోన్లలో సరిచూసుకున్నాడు. ఇక హాల్లోకి వదలడానికి మీట పైకి జరపాలి. వేలు మీట మీదే ఉండిపోయింది. వెనక వరసలవాళ్లు "వినపడట్లేదు!" అని అరిచినా ఆయన చెవికెక్కలేదు. ఆమె చెప్పులు తొడుక్కునేదాకా కదల్లేదు. హాలు ఖాళీ అయ్యాక ఆమె నిప్పులు కక్కింది. "పుట్టి బుద్ధెరిగాక సభలో నోరు తెరిచింది ఇదే మొదలు! ఒక్కరికీ ఒక్క ముక్కా వినపడలేదట. గుడ్లప్పగించుకుని ఏం చేస్తున్నారక్కడ?" మోచేతికి వైరు చుట్టడం ఆపి, "వింటున్నా," అన్నాడాయన.