నాయన చేసిన ప్రయోగం

మా నాయన కుడిచెయ్యి వణకడం మొదలైన ఏడాదే నేను చెన్నైలో ఒక పరిశోధనశాలలో చేరాను. పొద్దున తిరుత్తణిలో లోకల్ రైలు ఎక్కితే మళ్లీ దీపాలు పెట్టే వేళకే ఇంటికి. మగ్గం మీద తెగిన పోగును ముడివేయడం నాయనకు ఒకప్పుడు కళ్లు మూసుకుని చేసే పని. ఇప్పుడు కళ్లు తెరిచి కూడా వేయలేడు. డాక్టరు వణుకు తగ్గడానికి మాత్రలు రాశారు. మెదడులో నరాల కణాలు చచ్చిపోవడం వల్లే ఈ వణుకని, అవి చావకుండా ఆపే మందు ఇంకా రాలేదని అన్నారు.

నాయనకు మా ల్యాబు మీద చెప్పలేనంత ఆసక్తి. "ఈ పొద్దు ఏం చూస్తివి పాపా?" అని నేను చెప్పులు విడవకముందే అడిగేవాడు. ఒక సాయంత్రం చెప్పాను. కణం తనలో పాడైన భాగాలను తానే అరిగించుకుని, ఆ సరుకుతోనే కొత్తవి కట్టుకుంటుందని. కణాలు సన్నటి బుడగలు బయటికి వదులుతాయని, కొన్ని బుడగల్లోని సరుకు పక్కనున్న నరాల కణాన్ని దెబ్బతినకుండా కాస్తుందని.

"పోవాల్సిన చోటు ఆ బుడగకి ఎవురు చెప్పేది?"

నాకూ అదే వింత. అదే చెప్పాను.

"సరే, ఆ అరిగించుకునేది ఎప్పుడు జాస్తి?"

"కణాలను పస్తు పెడితే, నాయనా."

కృత్తిక ఇంకా ఎన్నాళ్లుందో ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఆ నెల కృత్తిక నక్షత్రంనాడు మురుగన్ స్వామి పేర ఉపవాసం ఉన్నాడు. అది మామూలే. మర్నాడు కూడా తినలేదు. తర్వాత రాత్రి భోజనం మానేశాడు. "కడుపు మందంగా ఉండాది" అనేవాడు. చొక్కా వదులైపోయింది. ఒక ఆదివారం పొద్దున చూద్దును కదా, మగ్గం ముందు కూర్చుని తెగిన పోగు కొసలు రెండూ పట్టుకుని తంటాలు పడుతున్నాడు. పస్తు పని చేసిందా లేదా అని రోజూ ఇదే పరీక్షట. అమ్మ చెప్పింది.

నాకు ఒళ్లు మండింది. "నువ్వు మనిషివా, గాజుగిన్నెలో కణానివా?" అని అరిచాను.

"మీరు పస్తు పెట్టి చూడొచ్చు, నేను చూడగూడదా?" అన్నాడు.

కోపంలోనూ నవ్వొచ్చింది. "పస్తు జాస్తి అయితే ఆ కణాలు చచ్చిపోతాయి నాయనా."

"మరి యాడ ఆపల్ల?"

"అది మాకే ఇంకా సరిగా తెలీదు. గిన్నెలో జరిగింది మనిషిలో జరగతాదో లేదో, అదీ తెలీదు."

నాయన చేతిలోని పోగు వదిలేశాడు. అమ్మ తెచ్చిపెట్టిన కంచం ముందుకు లాక్కున్నాడు.

"తెలిసినాక చెప్పు" అన్నాడు. ముద్ద నోటిదాకా పోయేలోపు సగం మెతుకులు ఒళ్లో రాలాయి. "బిరీన తెలుసుకో పాపా."