స్టమక్ పెయిన్

మా కోడలు ఆముదపాకు వెచ్చబెట్టి పసివాడి పొట్ట మీద వేస్తోంది. ఆ వాసన వసారా దాకా వచ్చింది. వెంటనే బుద్రి గుర్తొచ్చింది, నాకు తలెత్తబుద్ధి కాలేదు.

తొంభైల్లో అనంతగిరి కొండల్లోని ఒక సబ్‌సెంటర్‌కి నన్ను నర్సుగా వేశారు. విజయనగరం పక్క పల్లెటూరిదాన్ని, కొండ భాష ముక్క రాదు. అక్కడి ఆయా బుద్రి నాకన్నా పదేళ్లు పెద్దది. గెడ్డ దాటాలంటే ముందు తను నీళ్లలోకి దిగి, లోతు చూసి, నాకు చెయ్యి అందించేది. ఇళ్లల్లో ఆడవాళ్లు చెప్పుకున్నదంతా నాకు తెలుగులో చెప్పేది. ముట్టు, తెల్లబట్ట, ఏదీ దాచేది కాదు. నేను ముఖం తిప్పుకుంటే నవ్వేది.

"ఏటి సిస్టరమ్మా, మందిచ్చేదానివి నువ్వే సిగ్గుపడితే ఆళ్లు ఎవుళికి సెప్పుకుంతారు?"

నాకు రోషం వచ్చేది. చదువుకున్నది నేను కదా మరి!

అంతటి మనిషీ నెలకు మూడు రోజులు మందుల బీరువా పక్కన చాప మీద ముడుచుకుపోయేది. పొట్ట మీద వెచ్చటి ఆముదపాకు, పళ్ల మధ్య చీర కొంగు. పెళ్లయి పన్నెండేళ్లయినా పిల్లల్లేరు. "ఈ నొప్పి తగ్గితే ఒక గుంటయినా పుడతాదేమో" అనేది. "అందరికీ వచ్చేదేలే, ఓర్చుకో" అని నేనొక మాత్ర చేతిలో పెట్టేదాన్ని. ఓర్పు గురించి నాకేం తెలుసని!

చివరికి పట్టుబట్టి నాతో మండలం ఆసుపత్రికి వచ్చింది. డాక్టరు కుర్రవాడు. ఆమెను చూడకుండా, ఏమిటని నన్నే అడిగాడు. ముట్టు అన్న మాట నాలుక దాకా వచ్చి వెనక్కి పోయింది. "స్టమక్ పెయిన్ సార్" అన్నాను. ఆయన గ్యాసుకి, నులిపురుగులకి మందు రాశాడు.

బయటికొచ్చాక బుద్రి అడిగింది. "ముట్టు సంగతి సెప్పినావా?"

"చెప్పాను."

రెండేళ్లు ఆ గ్యాసు మందే మింగింది. అయిపోయినప్పుడల్లా తెచ్చిచ్చింది నేనే. ఒకరోజు దారిలో కూలబడిపోతే విశాఖపట్నం తీసుకెళ్లాం. స్కానింగ్ చూసిన డాక్టరమ్మ, గర్భసంచి లోపల ఉండాల్సిన పొర బయట పెరిగి, అండాశయాల మీద పాత రక్తం గడ్డకట్టి, పేగులతో సహా అన్నీ అంటుకుపోయాయని చెప్పింది. గర్భసంచి తీసేయక తప్పదంది.

"నెలనెలా ఇంత నొప్పి పడుతూ డాక్టరుకి చెప్పలేదా? ఈ చీటీలో ఉన్నవి గ్యాసు మందులేగా!"

బుద్రి నా వైపు చూసింది. ఆ చూపులోనే తెలిసింది, ఆమెకు అంతా అర్థమైందని.

"నానే సెప్పనేదమ్మా. సిగ్గేసినాది" అంది.

కొండ మీద ఎవరి ముందూ ఏ మాటకూ సిగ్గుపడని మనిషి! నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను. కాదు, తప్పు నాదని అనాలి. అనలేదు. ఆపరేషనయ్యాక నొప్పి పోయింది. గుంట ఊసు బుద్రి మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాత సర్వీసంతా, కడుపునొప్పి అంటూ వచ్చిన ప్రతి ఆడపిల్లనూ, పక్కన ఎవరున్నా సరే, "ముట్టప్పుడా?" అని గట్టిగా అడిగాను. సిగ్గులేని సిస్టరని వెనకాల నవ్వుకునేవారు. నా సిగ్గు ఎంతటిదో బుద్రికి తెలుసు.